పథ్యం పెట్టిన షెడ్డు

కొత్తగా వైద్యం చదివి పట్టా చేతపట్టుకొచ్చిన పిల్లలు మా బందరు ఇంటి వసారాలో కూర్చుని నన్ను తరచూ ఒకటే అడుగుతారు: "ఇక్కడ హాయిగా ప్రాక్టీసు చేసుకోక, ఆ యుద్ధంలోకి ఎందుకు వెళ్ళారండీ?" అడిగేవాళ్ళలో సగం మందికి జవాబు అక్కర్లేదు, మా ఆవిడ ఇచ్చే కాఫీ కావాలి. మిగతా సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

ప్రమోషన్లూ బదిలీలూ రాయను. అవి ఎవరి సర్వీసులో చూసినా ఒకలాగే ఉంటాయి. నాకు వైద్యం నేర్పినవాళ్ళు కొద్దిమందే ఉన్నారు, వాళ్ళ సంగతే రాస్తాను. వాళ్ళలో ఒకావిడది దివిసీమ. ఆవిడ జ్వరంలోంచి కళ్ళు తెరిచేనాటికే ఆవిడ భర్తను చేజేతులా పోగొట్టి ఉన్నాను. ఆవిడనైనా నిలబెట్టగలనా, నిలబెట్టాక ఆ నిజం ఆవిడ మొహం చూసి చెప్పగలనా అన్నదే అప్పట్లో నా గుండె మీద కూర్చున్న బరువు.

ఎందుకు వెళ్తారంటే

సభల్లో దండలు వేసేటప్పుడు చెప్పే కారణాలు నమ్మకండి. మానవసేవ అంటారు, కర్తవ్యం అంటారు. ఆ మాట అనుకుంటూ రైలెక్కిన వైద్యుణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. ఒకాయన ఇంట్లో తల్లికీ పెళ్ళానికీ మధ్య నలగలేక వచ్చాడు. ఇంకొకాయన టోపీ, బెల్టు పెట్టుకుని ఫోటో దిగాలని వచ్చాడు, దిగాడు కూడా. బందరు నుంచి నాతో వచ్చిన ఒక ముస్లిం మిత్రుడు మాత్రం చెయ్యి తిరిగిన వైద్యుడు. ఆయన కారణం నాకు ఇప్పటికీ గొప్పగానే తోస్తుంది. గోషా ఇళ్ళలో తెర చాటునుంచి చాచిన చెయ్యి పట్టుకుని నాడి చూడటమే ఆయన ప్రాక్టీసులో చాలా భాగం. "పదిహేనేళ్ళుగా మణికట్లకి వైద్యం చేస్తున్నానండీ. ఒక్కసారైనా మనిషిని మొత్తం చూసి మందివ్వాలని ఉంది" అన్నాడు.

నా కారణం అంత పెద్దది కాదు. నేను ఎల్.ఎం.పి. అనే చిన్న వైద్యం చదువు చదివినవాణ్ణి. పెద్ద చదువు చదివినవాళ్ళు డాక్టరు గార్లు, మేము ఉత్త ఎల్.ఎం.పి.లం. జిల్లా నుంచి పెద్ద సర్జను తనిఖీకి వస్తే కుర్చీ ఆయనకి వేసేవారు, నాకు స్టూలు వేసేవారు. యుద్ధంలో వైద్యులు చాలక మాబోటి వాళ్ళని కూడా ఆఫీసర్లుగా తీసుకుంటున్నారని విన్నాను. భుజం మీద నక్షత్రాలు పడితే ఇక ఎవడూ నాకు స్టూలు చూపించడు కదా అనుకున్నాను. అంతకు మించి ఏమీ లేదు.

ఆ రోజుల్లో బందరులో ప్రతి వీధిలోనూ ఖద్దరు టోపీలే. మా బావమరిది జైలుకి వెళ్ళొచ్చినవాడు. "తెల్లవాడి సైన్యానికి కట్లు కడతావా బావా?" అని నాతో మాట మానేశాడు. మా ఆవిడకి నేను దేశమనీ సేవనీ ఏదో చెప్పబోతే మధ్యలోనే ఆపేసింది.

"అవన్నీ నాకెందుకండీ? మీకు వెళ్ళాలని ఉంది. ఆ మాటే చెప్పండి, మాగాయ జాడీ కడతాను" అంది.

"వెళ్ళాలని ఉందే" అన్నాను.

"మరి అలా చెప్పండి" అని జాడీ దింపడానికి అటక ఎక్కింది.

గుడివాడలో నేను నవ్విన సంగతి

ఇది ముందే చెప్పవలసింది. యుద్ధానికి కొన్నేళ్ళ ముందు గుడివాడ ఆసుపత్రిలో పనిచేశాను. అక్కడి పెద్ద డాక్టరు గారికి ఒక అలవాటుండేది. రోగి నాలుక చూడటానికి ముందే, వెంట వచ్చిన ఆడవాళ్ళని పక్కకి పిలిచి, వారం రోజులుగా ఏం వండారు, ఎంత తిన్నాడు అని అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది. చేతిలో స్టెతస్కోపు పెట్టుకుని వంటింటి కబుర్లేమిటి అనుకునేవాణ్ణి.

ఒకసారి పెదపారుపూడి వైపు నుంచి సన్నిపాత జ్వరంతో ఒక యువ రైతు వచ్చాడు. మూడు వారాలు అన్నం పెట్టకుండా లంఖణాలు చేయించారు. జ్వరం దిగింది. అతని నాయనమ్మ వచ్చి నా ముందు నిలబడి, "బాబూ, పథ్యం ఎప్పుడు పెట్టమంటారు?" అంది.

ఇప్పటి పిల్లలకి ఇది తెలియదేమో. జ్వరం దిగాక మొదటిసారి అన్నం పెట్టడాన్ని మా ఇళ్ళలో పథ్యం పెట్టడం అంటారు. దానికి రోజు చూసేవారు, పాతబియ్యం చూసేవారు, ముద్దలు లెక్కపెట్టేవారు. నేను నవ్వాను.

"పథ్యాలు కట్టిపెట్టండి మామ్మగారూ. పాలు, రొట్టె, కోడిగుడ్డు ధారాళంగా పెట్టండి. మీ మనవడు పది రోజుల్లో నాగలి పడతాడు" అన్నాను.

ఆవిడ బుద్ధిగా తలూపి వెళ్ళింది. మనవడు నిజంగానే కోలుకున్నాడు. నా కోడిగుడ్డు మహిమ అని ఆసుపత్రిలో అందరికీ చెప్పుకున్నాను. మరుసటి ఏడు ఆవిడే ఒక గుమ్మడికాయ తెచ్చిచ్చి, "మీరు చెప్పినవేవీ పెట్టలేదు బాబూ, ఏమీ అనుకోకండి" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు.

నా వడ్డన

నన్ను తుపాకుల దగ్గరికి పంపలేదు. జపాను వాళ్ళు రంగూను మీద బాంబులు వేశాక, అక్కడ కూలికీ కొలువుకీ వెళ్ళిన మనదేశం వాళ్ళు వేలకొద్దీ అడవులూ కొండలూ పడి నడిచి వచ్చేశారు. వాళ్ళు అడవి దాటి మన సరిహద్దులో మొదట కాలు పెట్టేచోట వెదురు షెడ్లు వేసి, ఒక కల్నలు దొర కింద మమ్మల్ని నియమించారు. వాన ఆగేది కాదు. మోకాలి లోతు బురదలో మనుషులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వచ్చేవారు.

నేను డెల్టాలో పుట్టినవాణ్ణి. మా వైపు ఎంత లేనివాడింట్లోనైనా కుండ అడుగున ఇంత గంజి మిగులుతుందనుకునేవాణ్ణి. పస్తంటే నాకు ఏకాదశి ఉపవాసమే తెలుసు. ఆకలితో ఎండిపోయిన మనిషి ఎలా ఉంటాడో నా చదువులో లేదు, నా ఊళ్ళోనూ చూడలేదు.

నేను షెడ్డులో చేరిన మొదటివారంలోనే ఒక పొడుగాటి మనిషి భార్యను వీపున మోసుకుని లోపలికి వచ్చాడు. ఆమెకి జ్వరం, తెలివి లేదు. అతను ఆమెను తడికె మీద పడుకోబెట్టి, నా యూనిఫారం చూసి దండం పెట్టి, ఎవరికి అర్థమవుతుందిలే అన్నట్టు గొణిగాడు.

"ఇంత కూడు పెట్టించండి బాబూ."

అది అచ్చం మా వైపు తెలుగు. "ఏ ఊరయ్యా మీది?" అన్నాను తెలుగులో.

అతను అలాగే కూలబడిపోయి ఏడ్చాడు. పేరు సాంబయ్య. అవనిగడ్డ అవతల ఏటి మధ్య లంక. "ఏరు మా పొలం చెక్కంతా కోసేసుకుపోయిందండి. రంగూను పోయి బియ్యం మిల్లులో చేరామండి" అన్నాడు. భార్య పేరు రత్తమ్మ.

నా మనిషి, నా భాష, నా జిల్లా. నేను ఊరుకోగలనా? వేడన్నం, ముద్దపప్పు వండించాను. డబ్బాపాలు తెరిపించాను. ఎక్కడో అరటి చెట్టుంటే ఆకులు కోయించి, సాంబయ్యనీ అతనితో వచ్చిన పదిమందినీ వరసగా కూర్చోబెట్టి నా చేత్తో వడ్డించాను. సాంబయ్య మారు వడ్డన అడిగాడు, వేశాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ వేశాను. "మొహమాటపడకు, ఇది మనిల్లే అనుకో" అన్నాను. మా వైపు వడ్డించేవాడు అనే మాటలన్నీ అన్నాను. రత్తమ్మకి జ్వరం కనక గంజి తేట మాత్రం చెంచాతో పోయించాను. ఆ పూట నా జన్మ ధన్యమైందనుకున్నాను.

మర్నాటికి సాంబయ్య కాళ్ళు పొంగాయి. ఆయాసం పట్టుకుంది. నాడి చేతికి అందకుండా పరిగెత్తింది. నాకు తెలిసిన సూదులన్నీ వేశాను. మూడోరోజు మధ్యాహ్నం అతను పోయాడు. ఆ వరసలో కూర్చుని తిన్నవాళ్ళలో మరో నలుగురు కూడా అలాగే పోయారు. రిజిస్టరులో గుండె బలహీనత అని రాశాను. బలహీనులకి బలం కావాలి కదా అని, మిగిలినవాళ్ళకి పాలు రెట్టింపు చేయమని వంటశాలకి కబురు పెట్టాను.

ఆదెయ్య పాఠం

వంటశాలలో పెద్దవంటవాడు ఆదెయ్య. మా బందరు పక్కన గూడూరు వాడు. ఏభై దాటినవాడు, ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదు. ఆ కబురు విని చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"డాక్టరు గారండీ, తప్పైతే తిట్టండి. పాలు కాయను."

"ఏం? నువ్వు డాక్టరువా?"

"కాదండీ. కానీ వీళ్ళు నెలలకొద్దీ లంఖణాల మీద ఉన్నోళ్ళండీ. లంఖణాల మీదున్నోడికి ఎవరైనా పథ్యం పెడతారు గానీ, పెళ్ళి భోజనం పెడతారా? మా అమ్మ బతికుంటే మిమ్మల్నీ నన్నూ కూడా చీపురు తిరగేసి కొట్టేది."

నాకు కోపం రావాలి. రాలేదు. గుడివాడ ముసలావిడ గుమ్మడికాయ పట్టుకుని ఎదురుగా నిలబడినట్టయింది. అక్కడున్న బియ్యం బస్తా మీద కూర్చుండిపోయాను.

తిన్నగా కల్నలు దగ్గరికి వెళ్ళి, చచ్చిపోయిన అయిదుగురినీ నా వడ్డనే చంపిందని నమ్ముతున్నానని చెప్పాను. చెబుతుంటే నా నక్షత్రాలు ఊడిపోవడం కళ్ళకి కట్టింది. ఆ దొర పైపు పక్కన పెట్టి, "ఇది మీ పుస్తకాల్లో ఉందా?" అన్నాడు.

"లేదు సార్."

"నేను చదివిన వాటిలోనూ లేదు. ఆ వంటవాణ్ణి పిలవండి. కుర్చీ వెయ్యండి."

నేను చూసిన పై అధికారులలో ఆయన కంటే తెలివైనవాళ్ళున్నారు, ఆయనంత మంచి అధికారి లేడు. తనకు తెలియదని ఒప్పుకోవడానికి ఆయనకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆదెయ్య కుర్చీ అంచున కూర్చుని పథ్యం ఎలా పెట్టాలో చెబుతుంటే నేను ఇంగ్లీషు చేశాను. చారు అంటే ఏమిటో దొరకి చెప్పడానికి నాకు చెమటలు పట్టాయి. మొదటి రోజు ఉప్పు వేసిన గంజి తేట, అదీ పూటకి కాస్త కాస్త, చాలాసార్లు. తర్వాత మెత్తగా చిమిడిన పాతబియ్యం అన్నం నాలుగు ముద్దలు, మిరియాల చారుతో. నాలుగంటే నాలుగే. రోజుకి రెండు ముద్దలు పెంచుకుంటూ పోవాలి. పప్పు, పాలు, నెయ్యి వారం దాటాకే.

"ఇంకోటండీ" అన్నాడు ఆదెయ్య. "పథ్యం తిన్నోణ్ణి పగలు నిద్రపోనివ్వకూడదు. మా అమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెప్పించేది."

"ఎందుకట?" అన్నాడు కల్నలు.

"ఎందుకో మా అమ్మ చెప్పలేదండీ. నేనూ అడగలేదు."

అదీ పాటించాం. అందువల్ల ఏ మేలు జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, ఒకటి మాత్రం తెలుసు. గంజి తాగిన ప్రతివాడి పక్కనా మా ఆర్డర్లీ ఒకడు కూర్చుని, మీ ఊరేది, మీ ఇల్లెటువైపు, మీ పశువులెన్ని అని మాట్లాడిస్తూ ఉండేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవడికి ఆయాసం వస్తే ఆ క్షణమే మాకు తెలిసిపోయేది. ఊళ్ళ పేర్లు రాసుకుని ఇళ్ళకి ఉత్తరాలు వేశాం. అరవవాళ్ళకి అరవంలో, ఒరియా వాళ్ళకి ఒరియాలో మాట్లాడించాం. గంజి మాత్రం అందరికీ ఆదెయ్య గంజే.

ఆ తర్వాత మా షెడ్డులో చావులు లేవని అనను. విరేచనాలతో పోయారు, మలేరియాతో పోయారు. కానీ అన్నం తిని ఎవరూ పోలేదు. పక్క శిబిరాల వాళ్ళు వచ్చి మా పద్ధతి చూసి వెళ్ళారు. నా ఉద్యోగ జీవితంలో నేను గర్వంగా చెప్పుకునేది ఏమైనా ఉంటే ఆ వెదురు షెడ్డే. ఆ గర్వంలో సగం ఆదెయ్యది, ఇంకో వంతు ఆదెయ్య తల్లిది. మిగిలిన కాస్తా నాదని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గులేదు.

రత్తమ్మ

పద్ధతి చెప్పడం తేలిక. ఆకలిగొన్న మనిషి మన భాషలో అన్నం అడుగుతుంటే లేదనడం ఎంత కష్టమో మీకు మీ చేత్తో కాదంటే గానీ తెలియదు.

రత్తమ్మకి జ్వరం దిగి తెలివి వచ్చింది. భర్త పోయాడని చెప్పాను. ఎలా పోయాడో చెప్పలేదు. చెబితే భయపడి గంజి కూడా ముట్టదేమోనని సాకు చెప్పుకున్నాను. ఆవిడ ఏడ్చింది. ఏడుపు ఆగాక మొదటి మాట, "అన్నం పెట్టండి" అంది.

నాలుగు ముద్దలు పెట్టించాను. తిని, ఖాళీ ఆకు వంక చూసి, నా వంక చూసింది.

"ఇంకొంచెం పెట్టరేంటండీ?"

"రేపు ఇంకో రెండు పెడతానమ్మా."

"మా ఆయనకి కడుపునిండా పెట్టారంట కదా. నేనేం పాపం చేశానండీ?"

ఆ మాటే రోజూ అడిగేది. నేను వరస తప్పించి వెళ్తుంటే ప్యాంటు పట్టుకు లాగేది. ఒకరోజు వంటశాల వైపు పాకుతూ వెళ్తుంటే ఆదెయ్యే ఎత్తి తీసుకొచ్చాడు. మరో రోజు, "నీ చేత్తో ఎవరికైనా ఇంత పెట్టిన పాపాన పోయావా?" అని షెడ్డంతా వినేట్టు తిట్టింది. నేను తల వంచుకుని ఆవిడ నాడి చూసి, కాళ్ళు నొక్కి పొంగు ఉందేమో చూసి, పక్క మనిషి దగ్గరికి వెళ్ళాను. కడుపునిండా పెట్టేద్దామని ఎన్నిసార్లు అనిపించిందో దేవుడికి తెలుసు.

ఆవిడ బతికింది. మూడు వారాలకి నడిచింది. లారీ ఎక్కేటప్పుడు ఆదెయ్యకి దండం పెట్టింది గానీ నా వైపు చూడలేదు.

ఎందుకు వెళ్తారన్నదానికి జవాబు మీకు ముందే చెప్పేశాను. నక్షత్రాలకో, ఫోటోకో, ఇంటి పోరుకో వెళ్తారు. అందులో తప్పేమీ లేదు, ఏ కారణంతో వెళ్ళినా వెళ్ళండి. అక్కడికి చేరాక మాత్రం మీ ముందు పడుకున్నవాడికి మీరు తప్ప వేరే వైద్యుడు ఉండడు. మీకంటే బాగా తెలిసినవాడు వస్తాడులే అని తప్పుకోవడానికి దారి ఉండదు. తప్పు చేస్తే ఆ తప్పు మీదే, దిద్దుకోవలసిందీ మీరే. మా షెడ్డులో ఫోటో కోసం వచ్చినవాడు కూడా రెండు నెలలు తిరిగేసరికి సెలవు ఇస్తానన్నా వెళ్ళలేదు.

లంకలో

యుద్ధం అయిపోయి ఇంటికి వచ్చాక మా ఆవిడకి ఇదంతా చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "రత్తమ్మకి చెప్పారా?" అంది. లేదన్నాను. "మరి నాకు చెప్పి ఏం లాభమండీ?" అని లేచి వెళ్ళిపోయింది.

రత్తమ్మ ఊరి పేరు మేము షెడ్డులో రాసుకున్న పుస్తకంలో ఉంది. పులిగడ్డ దగ్గర ఏరు దాటి, అవనిగడ్డ చేరి, అక్కడ నుంచి పడవ మీద లంకకి వెళ్ళాను. దారంతా మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. రత్తమ్మ చేలో నాట్లు వేస్తోంది. గట్టు మీద నన్ను చూసి, కాసేపు కళ్ళు చికిలించి, గుర్తుపట్టి చెయ్యి కడుక్కుని వచ్చింది. ఒళ్ళు చేసింది, నల్లబడింది.

"పిసినారి డాక్టరు గారు" అని నవ్వింది.

పేర్చుకున్న మాటలన్నీ పోయాయి. "అమ్మా, సాంబయ్య రోగంతో పోలేదు. నేను పెట్టిన అన్నం వల్ల పోయాడు. తెలియక చేశాను. ఆ మాట నీకు అప్పుడే చెప్పవలసింది. ధైర్యం చాలలేదు" అన్నాను.

ఆవిడ గట్టు మీద కూర్చుంది. తడి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు తెలుసండి" అంది.

"ఆదెయ్య చెప్పాడా?"

"ఎవరూ చెప్పలేదు. తిన్నోళ్ళు పోయారు, తిననోళ్ళం ఉన్నాం. తెలివొచ్చాక పక్కోళ్ళు అనుకునేవి వింటన్నాను కదా, ఆ మాత్రం తెలీదా? తెలిసే అడిగానండీ. తింటే చచ్చిపోతానని తెలిసే రోజూ మిమ్మల్ని అడిగాను. ఆకలి అట్టా ఉంటది బాబూ. మీరు పెట్టలేదు కనక ఉన్నాను."

నేను ఇరవై ఏళ్ళు వైద్యం చేశాక, ఆకలంటే ఏమిటో ఆ గట్టు మీద తెలుసుకున్నాను. నిలబడి ఏడ్చాను. చేలో ఆడవాళ్ళు నాట్లు ఆపి చూశారు.

కాసేపటికి ఆవిడే అడిగింది. "ఒక్కటి చెప్పండి. నాకు తెలివి లేదు, చూడలేదు. ఆ పూట మా ఆయన మారు అడిగాడా?"

"అడిగాడమ్మా. రెండుసార్లు."

"వేశారా?"

"రెండుసార్లూ నేనే వేశాను."

రత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయన ఎవరింట్లోనూ మారు అడిగి ఎరగడండీ, అభిమానం" అంది. "మిమ్మల్ని మనోళ్ళనుకున్నాడు."